రెండు బోర్డుల గేటు

కిరండూల్ రైలు సైడింగు పక్కన ఉన్న ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, యార్డుకి గేటు ఒకటే, బోర్డులు మాత్రం రెండు. ఎడమ పక్కది పాతది. ‘ముఖం కప్పుకుని లోపలికి రాకూడదు’ అని హిందీలో ఎర్ర అక్షరాలు. కుడి పక్కది ఈ వేసవిలోనే వేలాడదీశారు. ‘ముఖం కప్పుకోకుండా లోపలికి రాకూడదు’ అని నీలం అక్షరాలు. రెండూ రాసిన పెయింటరు ఒకడే. రెండోది రాస్తున్నప్పుడు వాడికి నవ్వు రాలేదా అని అక్కడ ఊడ్చే పైడమ్మకి ఇప్పటికీ అనుమానమే.

పాత బోర్డు వెనక ఒక కథ ఉంది. కొన్నేళ్ల కిందట ముఖాలకి తువాళ్లు చుట్టుకుని ఎవరో యార్డులోకి వచ్చి ఒక లోడరు యంత్రాన్ని తగలబెట్టిపోయారు. వాళ్లెవరో చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు చెప్పరు. ఆ మర్నాటి నుంచి కూలికొచ్చే ఆడదాని ముఖం మీద గుడ్డ కనబడితే చాలు, ఠేకేదారుకి ఆ మంటలే కనబడేవి. కొత్త బోర్డు కథ చెప్పక్కర్లేదు. ఈ ఏడు లోకమంతటికీ ఒకటే కథ, కరోనా. దేశంలో బళ్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయినా, ఇక్కడి నుంచి విశాఖపట్నం పోయే ఇనుప ఖనిజం బండి మాత్రం ఆగలేదు. బండి ఆగకపోతే దాని కింద ఊడ్చేవాళ్లూ ఆగకూడదు కదా.

కొత్త బోర్డు కట్టేటప్పుడు పాతది తీసేద్దామని ఎవరికీ తోచలేదు. తోచినా నోరు విప్పలేదు. అది భద్రత కోసం పెట్టింది, ఇది ఆరోగ్యం కోసం పెట్టింది. దేని ఆఫీసు దానిది. పీకమని చెప్పి రేపు మాట పడే ధైర్యం ఏ ఆఫీసుకీ లేదు.

మరి ఆ గేటు దాటాలంటే ముఖం కప్పుకోవాలా, విప్పుకోవాలా? యార్డు మేనేజరు చక్రధరరావు దీనికొక చక్కని ఉపాయం కనిపెట్టాడు. మాస్కులు పంచడానికి రాయపూర్ నుంచి పై ఆఫీసు పెద్దసారు స్వయంగా వస్తున్నాడు. బేనరు కడతారు, ఫోటోలు తీస్తారు. ఆయన పంచకముందే ఈ ఆడవాళ్లు ముఖాలు కప్పేసుకుంటే ఇక పంచడానికి ఏం అందముంటుంది? కాబట్టి ఆ రోజు దాకా పాత బోర్డు, ఆ రోజు నుంచి కొత్త బోర్డు. రోగానికి కూడా ఈ సంగతి చెప్పి ఒప్పించాడో లేదో మాత్రం తెలియదు.

ఖనిజాన్ని బండికెక్కించే బెల్టు కింద రాలిపడే పొడి ఊడ్చే ఆడవాళ్లలో పైడమ్మ అందరికన్నా పెద్దది. బొబ్బిలి పక్క పల్లె నుంచి పెళ్లయి ఈ కొండల కిందికి వచ్చింది, ఇక్కడే మొగుణ్ణి పోగొట్టుకుంది. ఆ పొడికి బ్లూ డస్టు అని పెద్ద పేరు. నీలం పేరులోనే ఉంది. చేత్తో పట్టుకుంటే నల్లన, చెమట తగిలితే ఎర్రన. ముక్కులోకి పోయాక ఏ రంగులో బయటికొస్తుందో కూడా పైడమ్మకి తెలుసు. మొగుడు దగ్గి తుడుచుకున్న గుడ్డలన్నీ ఉతికింది ఆవిడే.

పైడమ్మ పక్కన ఊడ్చే దేవే కొండ కింది గోండు ఊరి పిల్ల. ఇంట్లో గోండి, సంతలో హల్బీ, సూపర్వైజరుతో హిందీ, పైడమ్మతో తెలుగు మాట్లాడుతుంది. ఆ తెలుగు బెల్టు కింద పైడమ్మ దగ్గరే నేర్చింది కాబట్టి అచ్చం బొబ్బిలి తెలుగే. కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు ఎవరైనా “ఏ ఊరమ్మా మీది?” అని దేవేని అడిగితే పైడమ్మ మధ్యలో దూరి “మా ఊరే, నా సెల్లి” అనేసేది. దేవే మొగుడు నంద మిరపకాయలు కోయడానికి తెలంగాణ వైపు వెళ్లి, బళ్లు లేక అక్కడే చిక్కుకుపోయాడు. దేవే ఇప్పుడు కడుపుతో ఉంది. ఆ ఇంట్లో పొయ్యి వెలగాలంటే దేవే చేతిలో చీపురు ఉండాలి.

ఆ పొద్దున దేవే ముఖానికి నంద తువాలు చుట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. గేటు కాపలావాడు ఆయతు ఆమె పక్క ఊరివాడే. నేలవైపు చూస్తూ గోండిలో తువాలు విప్పమన్నాడు. రోజూ అనేదే. రోజూ దేవే విప్పేది, లోపలికెళ్లాక సూపర్వైజరు అటు తిరిగినప్పుడు మళ్లీ చుట్టుకునేది. ఆ రోజు విప్పలేదు.

వెనక వరుస ఆగిపోయింది. చక్రధరరావు జీపు దిగి వచ్చాడు.

“ఏమిటీ గొడవ? ఏమ్మా, బోర్డు చదవడం రాదా నీకు?”

“ఏ బోర్డు బాబూ?” అంది దేవే. “రెండున్నాయి గదా.”

వరుసలో ఉన్నవాళ్లంతా ఫక్కున నవ్వారు. దేవే కొంప ముంచింది ఆ నవ్వే. కూలివాళ్లు ఎదురు తిరిగితే మేనేజర్లు ఒక్కోసారి మర్చిపోతారు గానీ, నవ్వితే మర్చిపోరు. చక్రధరరావు చెవులు ఎర్రబడ్డాయి.

“విప్పుతావా లేదా?”

“విప్పను. కడుపులో బిడ్డున్నాది. నాను తిన్న దుమ్ము సాలు. దానికీ ఇదే పెట్టాలేటి?”

“అయితే ఇంటికెళ్లి పడుకో. ఇవాళ హాజిరీ లేదు. రేపట్నుంచి రావద్దు. ఆయతూ, ఈ ముఖం మళ్లీ ఈ గేటులో కనబడితే నీ పనీ పోతుంది.”

పైడమ్మ వరుసలోంచి బయటికొచ్చింది. “బాబూ, మొకం కప్పుకోమని బోర్డు కట్టించింది మీరే గదా. ఆ పిల్ల కప్పుకుంటే తప్పేటి?”

చక్రధరరావు గొంతు ఒక్కసారిగా వెన్నలా మారిపోయింది. “పైడమ్మా, నువ్వు పెద్దదానివి, నీకు తెలియనిదేముంది. సోమవారం సారు చేతిమీదుగా మొదటి మాస్కు నీకే. పేపర్లో పడతావు. మంచి చీర ఒకటి కట్టుకుని రా.”

దేవే తువాలు ముడి ఇంకాస్త బిగించుకుని వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఏడవలేదు, బతిమాలలేదు. ఆయతు ఆమె వెళ్లినవైపు చూడకుండా గేటు గడియ పట్టుకుని నిలబడ్డాడు.

ఆ రోజంతా బెల్టు కింద పైడమ్మ ఒంటరిగా ఊడ్చింది. మంచి చీరట. మొగుడు పోయిన ఏడు ఇదే యార్డులో ఇదే మేనేజరు, నీకేం భయం లేదు పైడమ్మా, నేనున్నాను, అన్నాడు. ఉన్నాడు, నిజమే. జీపులో అద్దాలు బిగించుకుని ఉన్నాడు. దేవేని మళ్లీ పనిలో పెట్టేదాకా, అదీ ముఖాన గుడ్డతోనే పెట్టేదాకా, ఆ సారు చేతిలోది ముట్టుకోకూడదని పైడమ్మ ఆ దుమ్ములోనే నిర్ణయించుకుంది. ఆ పని పోతే తనకీ ఇంకో పని లేదు. అది తెలిసే నిర్ణయించుకుంది.

ఆదివారం తమ్ముడు గవర్రాజు క్వార్టరుకి వెళ్లింది. గవర్రాజు కొండ మీద గనిలో పర్మనెంటు ఆపరేటరు, పైగా యూనియన్ నాయకుడు. నిద్రలో తప్ప మెడలోంచి కండువా తియ్యడు. పైడమ్మకి యార్డులో పని ఇప్పించింది కూడా అతనే.

వరండాలో నలుగురూ చేరి సల్ఫీ వడకడుతున్నారు. మన వైపు జీలుగు కల్లు అంటారే, అది. చెట్టు మీంచి దింపిన కుండలో చీమలూ తేనెటీగలూ తేలుతుంటాయి. వడకట్టకుండా తాగితే పెదవులు బూరెలవుతాయి. కొండ మీద పర్మనెంటు వాళ్లకి కంపెనీ దుమ్ము మాస్కులు ఇస్తుంది, గిన్నెలా గుండ్రంగా, గట్టిగా ఉంటాయి. ఆ గిన్నెని చెంబు మీద బోర్లించకుండా వెల్లకిలా పెడితే చీమలు పైనే ఆగిపోతాయి, కల్లు నిదానంగా బొట్టు బొట్టుగా దిగుతుంది. ఆదివారానికి కావలసింది నిదానమే కదా. కిరండూల్ క్వార్టర్లలో ఆ మాస్కుల గొప్పతనం ఇలా కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, అప్పట్నుంచి ఏ మాస్కూ ముక్కు మొహం చూడలేదు.

పైడమ్మ ఇది ఎన్నోసార్లు చూసింది. ఇవాళ మాత్రం చూడలేకపోయింది.

“ఇదేట్రా?”

“మాస్కప్పా. సీమలు పడ్డాయి.”

“దీన్ని మొకానికి కదేట్రా కట్టుకోవాల?”

వరండా గొల్లుమంది. “మొకానికి కట్టుకుంటే పక్కోడు, ఏరా, నువ్వు ఆడదానివా అంటాడప్పా,” అన్నాడు గవర్రాజు ఛాతీ విరుచుకుని. “దుమ్ముకి బయపడేవోడు కొండెక్కడమెందుకు? మైనింగోడిది ఇనప సాతీ. ఈ కరోనా కూడా అంతే. ఇమానాలెక్కినోల్ల రోగం. ఎర్ర దుమ్ము తిన్నోడి జోలికి రాదు.”

“మీ బావ కూడా తనది ఇనప సాతీ అనే అన్నాడు.”

గవర్రాజు తల వంచి మాస్కులో చీమలు ఏరాడు. పైడమ్మ అదను చూసి దేవే సంగతి చెప్పింది. యూనియన్ తరఫున రేపు ఒక్క మాట మాట్లాడమని అడిగింది.

గవర్రాజు కండువా సర్దుకున్నాడు. అంటే ఉపన్యాసం మొదలవబోతోందన్నమాట. “అప్పా, కాంట్రాక్టు ఆడోల్లు మా యూనియన్లో నేరు. ఎలక్షన్లు దగ్గరికొచ్చినాయి. ఠేకేదారు మనకి కావలసినోడు. పెద్దసారు వచ్చిన రోజున గొడవంటే ఎదర యూనియనోల్లకి మనమే దారి సూపించినట్టు. అయినా ఆ పిల్లేమన్నా మన మడిసా? మన తెలుగోల్లయితే ఏదో ఒకటి అనొచ్చు.”

“అది నీకన్నా బాగా తెలుగు మాట్లాడతాది.”

“ఎటకారం కాదప్పా. ఆ పని నాను ఇప్పించింది. నువ్వు నోరు జారితే నీ పనీ పోతాది, నా పరువూ పోతాది. సారు మాస్కు ఇత్తాడు, తీసుకో, దండం పెట్టు, వచ్చీ.”

పైడమ్మ లేచి లోపలికి వెళ్లింది. వంటింట్లో గవర్రాజు పెళ్లాం రామతులసి అంతా వింటూనే చేపలు తోముతోంది. చేతులు కడుక్కుని వదినని గదిలోకి తీసుకెళ్లి మంచం కింద నుంచి అట్టపెట్టె బయటికి లాగింది. నిండా మాస్కుల పేకెట్లు, విప్పనివి.

“ఇచ్చినప్పుడల్లా తెచ్చి ఇందులో పడేత్తాడు. సగం కల్లుకి. ఒకటి నా టమాటా మొక్క మీద కప్పినాను. ఆ మొక్కొకటే ఈ ఇంట్లో బుద్దిగా మాస్కేసుకున్నది. అట్టుకెల్లిపో వదినా.”

“ఆడికేటి సెప్తావు?”

“వచ్చే ఆదివారం కుండ దించినప్పుడు సెప్తాలే.”

పైడమ్మ పేకెట్లన్నీ పాత చీరలో మూట కట్టి నెత్తిన పెట్టుకుంది. వరండాలోంచి, వాళ్ల ముక్కు ముందు నుంచే నడిచింది. రెండో చెంబు మీదున్న గవర్రాజు కళ్లు సగం తెరిచి, “ఏటప్పా ఆ మూట?” అన్నాడు.

“నీ ఇనప సాతీరా. బరువుగా ఉంటే మోసుకెల్తన్నాను,” అని మెట్లు దిగింది.

అట్నుంచి అటే కొండ కిందికి నడిచి దేవే ఇంటికి వెళ్లింది. దేవే వాకిట్లో ఇప్పపూలు ఆరబోసిన చాప ఎత్తుతోంది. పైడమ్మ మూట విప్పి ఒక మాస్కు ఆమె చేతిలో పెట్టి తన ఆలోచన చెప్పింది. రేపు అందరం ఇవే కట్టుకుని వెళ్తాం. ఇవాళ్టి దాకా విప్పమన్నవాడు రేపు సారు ఎదుట విప్పమనలేడు. నువ్వూ మాలో కలిసిపో, ముఖం కనబడదు, ఆయతు పోల్చలేడు.

దేవే మాస్కుని అటూ ఇటూ తిప్పి చూసింది. “దొంగలాగ రానప్పా.”

“దొంగలాగ కాదే...”

“ఆయతు పేరడిగితే దేవేనని సెప్తాను. రానిత్తే వత్తాను, నేకపోతే నేదు. నాను మొకం దాసుకోడానికి కట్టుకోలేదు. దుమ్ముకి కట్టుకున్నాను. మీ మేనేజరుకి ఆ తేడా తెలీదు, నీకూ తెలీదేటి?”

పైడమ్మకి సిగ్గేసింది. సిగ్గుతోపాటు గర్వం కూడా వేసింది. తన తెలుగు ఇంత బాగా తనకే తిరిగొస్తుందని ఆవిడ అనుకోలేదు.

సోమవారం పొద్దున యార్డు పెళ్లివారి ఇల్లులా ఉంది. షామియానా, కుర్చీలు, ఠేకేదారు నవ్వుతున్న బేనరు. బేనరులో అతనికి మాస్కు లేదు. బేనరు కింద బల్ల మీద పళ్లెంలో మాస్కులు పేర్చారు. జాకెట్టు గుడ్డకన్నా పల్చన, ముక్కు మీద పడే చోట ఠేకేదారు పేరు అచ్చు వేసి ఉంది.

ఆడవాళ్లు గేటు బయటే, పైడమ్మ పంచిన మాస్కులు ఒకరి ముఖానికి ఒకరు కట్టుకుని వరుసగా వచ్చారు. ఆయతు కళ్లప్పగించి చూశాడు. చివరికి దేవే వచ్చింది. మాస్కు కట్టుకుని, నంద తువాలు భుజాన వేసుకుని ఉంది. నడక చూస్తేనే ఆయతుకి తెలిసిపోయింది. పైడమ్మ ఆమె పక్కనే నిలబడింది.

“పేరు?” అన్నాడు ఆయతు.

“దేవే.”

ఆయతు ఎడమ పక్క బోర్డు చూశాడు, కుడి పక్క బోర్డు చూశాడు. తర్వాత పైడమ్మ వైపు తిరిగి వచ్చీరాని తెలుగులో నెమ్మదిగా అన్నాడు. “ఆ ముఖం కనబడితే ఆపమన్నాడు మేనేజర్ సాబ్. నాకు ముఖం కనబడలేదు.”

గడియ తీశాడు.

లోపల వీళ్లని చూసి చక్రధరరావు నోరు వెళ్లబెట్టాడు. “ఇవెక్కడివి? తియ్యండి, తియ్యండి! సారు వచ్చి ఇస్తారు కదా!”

“తీత్తే కొత్త బోర్డు ఊరుకోదు బాబూ,” అంది పైడమ్మ.

ఇంతలో కార్లు రానే వచ్చాయి. పెద్దసారు దిగాడు. తెల్ల మాస్కు, చేతులకి తొడుగులు. ఖనిజం దేశానికి ఎంత అవసరమో, ఖనిజం ఊడ్చే అక్కాచెల్లెళ్లు ఎంత గొప్ప యోధులో హిందీలో చాలాసేపు చెప్పాడు. యోధులు ఎండలో నిలబడి విన్నారు. తర్వాత పైడమ్మ పేరు పిలిచారు.

పెద్దసారు పళ్లెంలోంచి ఒక మాస్కు తీసి చాచాడు. ఫోటోగ్రాఫరు ముందుకొచ్చి సర్దడం మొదలుపెట్టాడు. “సార్, మాస్కు ఒక్క క్షణం కిందికి. ఆఁ, అంతే. అమ్మా, నువ్వు కూడా. ముఖం కనబడాలి.”

పెద్దసారు మాస్కు గడ్డం కిందికి దించి నవ్వు ముఖం పెట్టాడు. ఠేకేదారు దించాడు. చక్రధరరావు దించాడు. మాస్కులు పంచడానికి వచ్చిన పెద్దలందరూ మాస్కులు దించి నిలబడ్డారు.

“దించను,” అంది పైడమ్మ.

చక్రధరరావు పక్కకి జరిగి పళ్ల మధ్య నుంచి తెలుగులో అన్నాడు. “పైడమ్మా, పరువు తియ్యకు. ఒక్క ఫోటోకి. సాయంత్రం నీతో మాట్లాడతాను.”

పైడమ్మ అతనికి తెలుగులో జవాబివ్వలేదు. పెద్దసారు వైపు తిరిగి అందరికీ వినబడేలా హిందీలో మాట్లాడింది. ఆవిడది యార్డు హిందీ. అందులో ఆడా మగా తేడా ఉండదు, మర్యాద మాటలు తక్కువ, అర్థం కాకపోవడమంటూ ఉండదు.

“సాబ్, దుమ్ముకి ముఖం కప్పుకుంటే ఇన్నాళ్లూ ఈ గేటు దగ్గర మా చేత విప్పించారు. మొన్న ఒక పిల్ల విప్పనంటే పనిలోంచి తీసేశారు. ఆమె కడుపుతో ఉంది. మేము చచ్చే దుమ్ముకి కప్పుకుంటే తప్పు, మీకు రోగం అంటకుండా కప్పుకుంటే బహుమతి. ఇప్పుడు ఫోటో కోసం మళ్లీ విప్పమంటున్నారు. నేను విప్పను. ఆ మాస్కు ముందు ఆమెకివ్వండి, ఆమె పని ఆమెకివ్వండి. తర్వాత నాకిస్తే అప్పుడు చూస్తాను.”

పెద్దసారు చేతిలో మాస్కు అలాగే ఉండిపోయింది. ఫోటోగ్రాఫరు మాత్రం తన పని తను చేసుకుపోతున్నాడు, టకటకా తీస్తున్నాడు.

“ఎవరామె?” అన్నాడు పెద్దసారు.

“అబ్బే, అలాంటిదేం లేదు సార్,” అన్నాడు చక్రధరరావు. “ఆ అమ్మాయి తనంతట తనే మానేసింది. ఊళ్లో కూడా లేదు.”

వరుస చివర నుంచి దేవే నడుచుకుంటూ వచ్చింది. పైడమ్మ పక్కన నిలబడింది.

“నేను మానలేదు. ఊళ్లోనే ఉన్నాను,” అంది తనూ హిందీలోనే.

చక్రధరరావు ఆమెకి అడ్డం వచ్చాడు. “ఎవరు నువ్వు? ముఖం చూపించు!”

“ఆ రోజు సూపించనందుకే గదా ఎల్లగొట్టినావు బాబూ,” అంది దేవే. “ఈ రోజు సూపిత్తే నీ కొత్త బోర్డు ఏటంతాది?”

వెనక ఆడవాళ్లు నవ్వారు. ఈసారి మాస్కుల వెనక ఎవరు నవ్వారో పోల్చడానికి చక్రధరరావుకి వీలు చిక్కలేదు. ఆ నవ్వులో అందరికన్నా గట్టిగా నవ్వింది పైడమ్మే. మొగుడు పోయాక ఈ యార్డులో ఆవిడ అలా నవ్వడం అదే మొదలు.

పెద్దసారుకి ఈ ఆడవాళ్ల మీద ప్రేమ ఉందని చెప్పలేం. కెమెరా మీద మాత్రం భయం ఉంది. గడ్డం కింద ఉన్న మాస్కు గుర్తొచ్చి గబుక్కున పైకి లాక్కున్నాడు. ఠేకేదారు లాక్కున్నాడు. చక్రధరరావు లాక్కున్నాడు.

“ఈమె మీ మనిషేనా, కాదా? ఒక్క మాట చెప్పండి,” అన్నాడు పెద్దసారు.

చక్రధరరావు ఠేకేదారు వైపు చూశాడు. ఠేకేదారు బేనరు వైపు చూశాడు.

“మా మనిషే సార్. ఇవాళ హాజిరీ వేస్తాం.”

“ముఖాన గుడ్డతోనే,” అంది పైడమ్మ.

“ముఖాన గుడ్డతోనే,” అన్నాడు చక్రధరరావు, విషం మింగినట్టు.

పెద్దసారు పల్చటి మాస్కు దేవే చేతిలో పెట్టాడు. దేవే దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టి చూసింది. అవతల నిలబడ్డ ఖనిజం బండి దాంట్లోంచి చక్కగా కనబడింది. మడత పెట్టి మళ్లీ పళ్లెంలో పెట్టేసింది. “ఇది తవరే ఉంచుకోండి బాబూ. ఫోటోలకి బాగుంటాది.”

కార్లు వెళ్లిపోయాయి. షామియానా విప్పుతుండగా చక్రధరరావు పైడమ్మ దగ్గరికి వచ్చి, “ఇవాళ గెలిచావు. రేపు చూస్తాను,” అన్నాడు.

“సూడండి బాబూ. రేపూ వీటితోనే వత్తాం. ఈ మాస్కులు అయిపోతే ఇలాంటివే మీరు కొనిపెడతారు. నేకపోతే బెల్టు కిందకి మీరే దిగి ఊడుద్దురు గాని.”

సాయంత్రం పని దిగాక ఆడవాళ్లందరూ గేటు దగ్గర ఆగారు. దేవే భుజాన ఉన్న నంద తువాలు తీసి, ఆయతు కూర్చునే స్టూలు అడిగి తీసుకుంది. పైడమ్మ ఆమెని ఎక్కనివ్వకుండా తనే ఎక్కి, పాత బోర్డుకి అడ్డంగా ఆ తువాలు కట్టి వెనక ముడి వేసింది. ముఖం కప్పుకోకూడదన్న బోర్డు ముఖమే కప్పబడిపోయింది. ఆయతు స్టూలు కదలకుండా పట్టుకున్నాడు. ఆ తువాలు విప్పమని ఏ ఆఫీసూ అతనికి చెప్పలేదు కదా.

పైడమ్మ ఇంటికి చేరేసరికి గవర్రాజు గడప ముందు కూర్చుని ఉన్నాడు. కబురు ఆవిడకన్నా ముందే కొండెక్కి దిగింది. కళ్లు నిప్పుల్లా ఉన్నాయి.

“పరువు తీసినావప్పా! ఠేకేదారు ఫోన్ సేసి నన్ను తిట్టినాడు. నీ అప్పని అదుపులో పెట్టుకోలేవు, నువ్వేటి నాయకుడివిరా అన్నాడు. పైగా ఆ మాస్కులు నా ఇంట్లోవి! నా పేరు మీద ఇచ్చినవి!”

“నీ పేరు మీద ఇచ్చినారు, నువ్వు సీమలకి కట్టినావు. నాను మడుసులకి కట్టినాను. ఎవుడిదిరా తప్పు?”

జవాబు తోచనప్పుడు మగవాళ్లు పట్టుకునే కొసరు మాటే గవర్రాజూ పట్టుకున్నాడు. “మరి ఆదివారం సల్ఫీ దేంతో వడకట్టాల?”

“నీ మెడలో యూనియన్ కండువా ఉంది గదా, దాంతో వడకట్టుకో. ఇన్నాల్లకి దానికో పని దొరికినాది.”

గవర్రాజు దిగ్గున లేచాడు. ఏదో గట్టిగా అనబోయాడు గానీ ముందు దగ్గు వచ్చింది. ఒకసారి వచ్చి ఆగలేదు. గుమ్మం పట్టుకుని, వంగిపోయి, కండువా నోటికి అడ్డం పెట్టుకుని దగ్గాడు. దగ్గు తగ్గాక ఆ కండువా అంచు చూసి చప్పున మడిచేశాడు. ఏ రంగు చూశాడో పైడమ్మ అడగలేదు.

లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. మూటలో మిగిలిన ఆఖరి మాస్కు తీసి, తాళ్లు సర్ది, చిన్నప్పుడు జాతరకి తయారు చేసినట్టే తమ్ముడి గడ్డం పట్టుకుని ముఖానికి కట్టింది. గవర్రాజు కదల్లేదు.

“ఇది కల్లుకి కాదు,” అంది.